బిళ్ళల లెక్క

ముప్పై ఒక్క ఏండ్లు బల్లార్షా బాయిమీద
ల్యాంపు రూంల కూసున్న.
దిగేటోనికి దీపమిచ్చుడు,
వాని ఇత్తడి బిళ్ళ తీసుకొని మొలకు తగిలిచ్చుడు.
పైకొచ్చినంక దీపం నాకు, బిళ్ళ వానికి.
పాలి మారంగనే గోడదిక్కు చూసేది.
మొలలన్నీ ఖాళీగుంటే
ఆ దినం మంచిగ గడిచినట్టు.

ఇప్పుడు రిటైరైన.
ఐతారం పొద్దుగాల
మట్టిదిబ్బ ఎనుకున్న మైదానంల
పోరగాండ్ల బేస్‌బాల్‌కు అంపైర్ని.

ఈ ఆట నాకేం ఎరుక?
నందాబాయి మేడం పిలిచింది,
"మామా, నీకు లెక్క తప్పదు కదా, రా" అని.
ఆమె మరాఠీల అన్నది, నేను తెలుగుల విన్న.
మా దగ్గర మాట గట్లనే నడుస్తది,
సగం తొవ్వ ఒక చెప్పుతోటి, సగం ఇంకో చెప్పుతోటి.

సిమెంటు సంచుల్ల ఇసుక పోసి మూడు బేసులు.
నాలుగోది, బెల్టు రబ్బరు తెగ్గోసిన ముక్క.
బొగ్గు మోసీ మోసీ అరిగిన బెల్టు.
ఐదు మూలలు. దాన్ని హోం అంటరట.
ఏడికెల్లి బయలెల్లినవో
చుట్టూ తిరిగి ఆడికే రావాలె, గంతే ఆట.

మా అయ్య మంథని దిక్కుకెల్లి వచ్చిండు.
ఈడ మేము తెలుగోళ్ళం.
వార్ధా దాటి చుట్టాల పెండ్లికి పోతే
"మరాఠోళ్ళొచ్చిండ్రు, కుర్చీలెయ్యి" అంటరు.
నాకూ అసొంటి రబ్బరు ముక్కొకటి
ఎవలన్న కోసిస్తే మంచిగుండు.

తెల్లబంతి మూడు ఇన్నింగ్స్‌ల
మా ఉమ్మి రంగుకొస్తది.
గ్లౌజులు తొమ్మిదే, రెండు జట్లకూ అవ్వే.
దిగిపోయే పిల్ల తను నిల్చున్న జాగలనే
గ్లౌజు నేలమీద పెట్టిపోతది.
లోపలి చెమట ఆరకముందే
అవతలి జట్టు చెయ్యి అండ్ల దూరుతది.
ఇదొక్కటి నాకు ఎవ్వలు నేర్పకున్నా సమజైంది.
మా దీపాలు గిట్లనే మారేటివి,
పట్టుకుంటే వెచ్చగ.

తిట్టినోడు ఒక ఇన్నింగ్స్ బయట.
ఆటకు ముందు రాళ్ళేరుడు అందరి పని,
కెప్టెన్ ఇమ్రాన్ కొడుకు అన్వర్‌ది సుత.
సుగంధ మడావి నాలుగు మైళ్ళు నడిచొస్తది,
వచ్చి మల్ల మైదానం చుట్టూ ఉరుకుతది.
"ఇంకెందుకే?" అంటే
"అది నడక మామా, ఇది ప్రాక్టీసు" అంటది.

పోయిన వారం రాజురా జట్టు వచ్చింది.
ఆఖరి ఇన్నింగ్స్. ఒక్క పరుగైతే సమానం.
మూడో సంచి నుంచి ఆరెల్లి జలజ ఉరికింది.
బంతొచ్చింది, దుమ్ము లేసింది,
దుమ్ముల ఒక కాలు, ఒక గ్లౌజు.
నేను రెండు చేతులు బార్లా చాపి
"సేఫ్" అన్న.

ఆ మాటంటే నాకు పాణం.
నూటా నలభై ఏడో నంబరు బిళ్ళ
ఒక పాలి మారినంక సుత మొలమీదనే ఉన్నది.
రెండో దినం సుత.
మూడో దినం వాళ్ళ పిలగాడు కిటికీ కాడికొచ్చి
"మా బాపు బిళ్ళ ఇస్తరా" అన్నడు.
రూల్ లేదు. ఇయ్యలే.

జలజ లేసి మోకాలు దులుపుకున్నది.
"మామా, గ్లౌజు ముందు తాకింది."
రాజురా పిల్ల ప్రాజక్త అడగనే లేదు,
దుమ్ముల దానికి సుత తెల్వది.
నా చేతులు ఇంకా చాపే ఉన్నయి.
ఎంతసేపో.
మెల్లగ దించి, పిడికిలి బిగించి,
ఔట్ అన్న.

ఏడ్వలేదని అబద్ధమెందుకు?
సంచుల సాటుకు పోయి ఏడ్చింది.
మొఖం కడుక్కొని వరుసల నిలబడ్డది,
అందరి చేతులు కలిపింది.
ప్రాజక్త దాని చెయ్యి జెర ఆలస్యంగ ఇడిచింది.

టెంపో కాడ నేను లెక్కపెట్టిన.
అలవాటు, ఎవ్వలు అడగలే.
గ్లౌజులు తొమ్మిది.
పోరగాండ్లు పద్దెనిమిది,
ఔటైనోళ్ళతోటి కలిపి.